మా ఊరి నీళ్ళు మంచివని ఒక జర్నల్‌లో పడింది

పోయిన వేసవిలో మా అన్న కొడుకు నాకు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. కింద ఒక లైను, "అత్తా, మనూరి నీళ్ళు బాగున్నాయంట, నాయనమ్మకి క్యాన్ నీళ్ళు మాన్పిస్తన్నా" అని. వాడు డిగ్రీ రెండో ఏడు. మా పుట్టిన ఊరు పొదిలి అవతల, అక్కడ ఇంటింటికీ ఆర్వో ప్లాంట్ నుంచి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకుంటారు, రోజూ కొనాలంటే ఎవరికైనా బరువే కదా, అందుకని వాడి మీద నాకు కోపం రాలేదు. ఎవరో నలుగురు లెక్చరర్లు రాశారు, జర్నల్‌లో పడింది, ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉంది, టేబుల్‌లో మా ఊరి పేరుకి ఎదురుగా ఫ్లోరైడ్ 0.9 అని ఉంది, నమ్మడా మరి. క్లాసులో నేను పిల్లలకి చెప్పేది కూడా అదే, ఫార్వర్డ్ మెసేజీలు నమ్మొద్దు, ఎక్కడన్నా పేపర్ పడిందేమో వెతకండి అని. వాడు సరిగ్గా నేను చెప్పిందే చేశాడు.

వెంటనే ఫోన్ చేసి, "నాన్నా, నేను చూసి చెప్పేదాకా క్యాన్ ఆపొద్దు" అన్నా. "ఎందుకత్తా, పేపర్లో ఉందిగా" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నేను ఒంగోల్లో కెమిస్ట్రీ చెప్తా, ఇరవై ఏళ్ళు దాటింది. మా పెదనాన్నకి యాభై దాటేసరికే నడుం వంగిపోయింది, మెడ ఒక్కటే తిరిగేది కాదు, పక్కన ఎవరన్నా పిలిస్తే మనిషంతా తిరగాల్సి వచ్చేది. బళ్ళో నాతో చదివిన వాళ్ళలో చాలామందికి గారపళ్ళు. పెళ్ళిచూపులకి వచ్చిన ఆడాళ్ళు ఏదో ఒక మాట చెప్పి పిల్లని నవ్వించేవాళ్ళు, పళ్ళు చూడ్డానికి. ఇదంతా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చేదే, అట్లాంటి ఊరికి 0.9 ఎట్లా వస్తుంది? అసలు రానే రాదని చెప్పలేం, కొత్త బోరు వేసుండొచ్చు, లోతు మారితే నీళ్ళు మారతాయి. అందుకని తీసి పక్కన పెట్టకుండా ఆ రాత్రి కూర్చుని పేపర్ మొత్తం చదివా.

తెలియని వాళ్ళకోసం ఒక ముక్క. మన దేశంలో తాగే నీళ్ళ స్టాండర్డ్ ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా 1.5 నే. కాబట్టి 0.9 అంటే నిక్షేపంగా తాగొచ్చని అర్థం. ఇంకో సంగతి, మా వైపు చాలామంది కాచి చల్లార్చుకుంటే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు, పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

సరే పేపర్. మొదట అనుమానం వచ్చింది ఈసీ, టీడీఎస్ కాలమ్స్ దగ్గర. ఈసీ అంటే ఆ నీళ్ళలోంచి కరెంట్ ఎంత బాగా పోతుందో చూసేది, టీడీఎస్ అంటే కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి ఎంత అని. మామూలు బోరు నీళ్ళలో టీడీఎస్ అంకె ఈసీ అంకెలో సుమారు 0.55 నుంచి 0.75 వంతు దగ్గర తిరుగుతుంది. ఆ టేబుల్‌లో కొన్ని ఊళ్ళకి టీడీఎస్సే ఈసీ కంటే ఎక్కువుంది. తర్వాత అయాన్ బ్యాలెన్స్ వేశా, అంటే నీళ్ళలో కరిగినవాటి ప్లస్, మైనస్ చార్జీలు సరిపోయాయా అని. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఒక పక్క, క్లోరైడ్, బైకార్బనేట్, సల్ఫేట్ ఇంకో పక్క మిల్లీఈక్వివలెంట్స్‌లోకి మార్చి కూడితే రెండు పక్కలూ దాదాపు సమానం రావాలి, ఐదు శాతం తేడా అంటే మంచి ఎనాలిసిస్, పది అంటే సర్దుకుంటాం. ఇక్కడ ఒక్కో ఊరికి ముప్పై నలభై శాతం తేడా వస్తోంది. కాల్షియం ఎక్కువున్న చోటే ఫ్లోరైడూ ఎక్కువ చూపించారు, సాధారణంగా ఇది తిరగబడి ఉంటుంది, కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి దిగిపోతుంది, అందుకే ఫ్లోరైడ్ నీళ్ళు ఎక్కువగా సోడియం, బైకార్బనేట్ నీళ్ళై ఉంటాయి. ఇంక మెథడ్ దగ్గర శాంపిల్స్ గాజు సీసాల్లో పట్టామని రాశారు. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసాలే వాడతాం, ఫ్లోరైడ్ గాజుతో రియాక్ట్ అవుతుంది కాబట్టి. మా ల్యాబ్‌కి వచ్చే సెకండియర్ పిల్లలకి కూడా ఇది తెలుసు.

ఇదంతా చూడ్డానికి నాకు పట్టింది ఒక రాత్రి, అది కూడా ఒక మామూలు ఎక్సెల్ షీట్‌తో. అచ్చు వేసే ముందు పేపర్ చదివి చూడాల్సిన రివ్యూయర్ అనే మనిషి ఒక్కడు ఆ టేబుల్‌ని పది నిమిషాలు చూసుంటే ఆ పేపర్ బయటికి వచ్చేది కాదు.

మర్నాడు ఆ టేబుల్‌లోని నాలుగైదు అంకెల్ని వరసగా నెట్‌లో కొట్టి చూశా, ఎందుకో అనిపించి. వేరే రాష్ట్రంలో వేరే జిల్లా మీద కొన్నేళ్ళ ముందు వచ్చిన ఇంకో పేపర్ దొరికింది. అవే అంకెలు, అదే వరస, ఊళ్ళ పేర్లు మాత్రం మార్చారు, మధ్యలో కొన్ని అంకెలకి కొంచెం కలిపారు, కొన్నిటికి కొంచెం తీశారు, అందుకే బ్యాలెన్స్ చెడిపోయింది. అంటే ఆ నలుగురిలో ఒక్కరు కూడా మా ఊరికి రాలేదు, ఒక్క బోరు కొట్టలేదు, ఒక్క సీసా నింపలేదు. మ్యాప్ చూసి ఊళ్ళ పేర్లు రాసుకున్నారు, అందులో మా ఊరు పడింది.

నాకు ఏడుపొచ్చింది, నిజంగా. ఎందుకంటే మా వైపు నీళ్ళకీ జర్నల్స్‌కీ ఉన్న సంబంధం ఇవాల్టిది కాదు.

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఈ జబ్బు గురించి మొట్టమొదట పేపర్ పడింది మా నేల మీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు, నెల్లూరు జిల్లాలో ఉన్న ఫ్లోరోసిస్ గురించి. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోవే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. మొదట దీన్ని కనిపెట్టింది రైతులేనంటారు, ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోవడం చూసి. ఒంగోలు గిత్తలు పుట్టిన సీమలో ఎద్దు నడవకపోతే రైతుకి ముందు తెలీకుండా ఉంటుందా. ఆ తర్వాత మనుషుల్లో చూశారు, నీళ్ళు పరీక్ష చేశారు, రాశారు, అది అచ్చయింది. అంతకుముందు మా వాళ్ళు దీన్ని వాతం అనుకున్నారు, వయసు అనుకున్నారు, ఎవరి కర్మ వాళ్ళది అనుకున్నారు. అది నీళ్ళలోంచి వస్తోందని ఒక కాగితం మీద అచ్చుపడి, ఆ కాగితాన్ని వేరే ఊళ్ళలో ఉన్న డాక్టర్లు నమ్మారు కాబట్టి, ఇంకో జిల్లాలో నడుం వంగిన మనిషిని చూసినప్పుడు ముందు నీళ్ళు అడగడం మొదలైంది. ఫలానా చోట నీళ్ళు పరీక్ష చేశాం, ఇది దొరికింది అని రాస్తే, మళ్ళీ వచ్చి చూసుకోనక్కర్లేకుండా ఇంకొకరు దాని మీద పని చేసుకోవచ్చు, జర్నల్ అనే దాని పనంతా అదే.

అదే నేల మీద ఇప్పుడు ఒక్క సీసా నింపకుండా టేబుల్ వేశారు.

జర్నల్ ఎడిటర్‌కి మెయిల్ పెట్టా. రెండు పేపర్ల టేబుల్స్ పక్కపక్కన పెట్టి, బ్యాలెన్స్ షీట్ జతచేసి, మర్యాదగానే రాశా, రా డేటా, అంటే కొలిచినప్పుడు రాసుకున్న అసలు అంకెలు అడగండి, ఇన్‌స్ట్రుమెంట్ కాలిబ్రేషన్ రికార్డులు అడగండి అని. జవాబు లేదు. పదిహేను రోజులాగి మళ్ళీ పెట్టా. లేదు. వాళ్ళ వెబ్‌సైట్‌లో కోప్ గైడ్‌లైన్స్ పాటిస్తాం అని పెద్ద అక్షరాలతో ఉంది. కోప్ అంటే కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్, 1997లో బ్రిటన్‌లో కొంతమంది మెడికల్ జర్నల్ ఎడిటర్లు కలిసి పెట్టుకున్నది, ఇప్పుడు ప్రపంచమంతా ఉన్న జర్నల్స్ అందులో మెంబర్లు. వాళ్ళ సైట్‌లోకి వెళ్ళి మెంబర్ల లిస్టులో వెతికితే ఈ జర్నల్ పేరు లేదు. పాటిస్తాం అని ఎవరన్నా రాసుకోవచ్చు, మెంబర్ అయితే కంప్లైంట్ పెట్టడానికి ఒక దారన్నా ఉంటుంది. ఐఎస్ఎస్ఎన్ సంగతీ అంతే, అది పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబర్, బండికి రిజిస్ట్రేషన్ నంబర్ లాంటిది, నంబర్ ఉన్నంత మాత్రాన బ్రేకులు పడతాయని కాదు. ఈ ముక్క మా అన్న కొడుకు లాంటి పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు.

ఒక ఎడిటర్‌కి ఇట్లాంటి మెయిల్ వస్తే ఏం చెయ్యాలో కోప్ వాళ్ళు బొమ్మ గీసి మరీ పెట్టారు, ఫ్లోచార్ట్‌లు. ముందు రాసినవాళ్ళని అడగాలి, రా డేటా తెప్పించుకోవాలి, జవాబు సరిగ్గా లేకపోతే వాళ్ళు పనిచేసే సంస్థకి రాయాలి, విచారణ నడుస్తుండగా చదివేవాళ్ళకి ముందే ఒక హెచ్చరిక పెట్టాలంటే పెట్టొచ్చు, దాన్ని ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్ అంటారు, చిన్న తప్పైతే కరెక్షన్, మొత్తం నమ్మదగ్గది కాదంటే రిట్రాక్షన్. రిట్రాక్ట్ చెయ్యడమంటే ఫైల్ మాయం చెయ్యడం కాదు, పేపర్ అక్కడే ఉంటుంది, దాని మీద రిట్రాక్టెడ్ అని పెద్దగా కొట్టి, ఎందుకు తీశామో పక్కన నోటీసు పెడతారు, అప్పటికే దాన్ని నమ్మి వాడుకున్న వాళ్ళకి తెలియాలి కాబట్టి. ఇంకో మాట, రిట్రాక్షన్ అంటే మోసం చేసినట్టే అనుకుంటారు మన దగ్గర, అది తప్పు. పొరపాటు జరిగిందని తెలుసుకుని తామే ముందుకొచ్చి వెనక్కి తీసుకున్న వాళ్ళు ఉన్నారు, అట్లాంటి వాళ్ళకి మనం దణ్ణం పెట్టాలి. మన కాలేజీల్లో ఆ పని చేస్తే మనిషిని బతకనివ్వరు, అందుకే ఎవరూ చెయ్యరు.

ఇంత చెప్పినా, పెద్ద జర్నల్స్‌లో కూడా ఇది ఎంత లేటవుతుందో చూడండి. 1998లో లాన్సెట్‌లో పన్నెండు మంది పిల్లల మీద వేక్‌ఫీల్డ్ పేపర్ పడింది, ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ లింకు పెట్టి. దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది 2010లో. పన్నెండేళ్ళు. ఆ మధ్యలో ఎంతమంది అమ్మానాన్నలు టీకా మానేశారో. అదే లాన్సెట్ 2020 మే 22న కరోనాకి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకం మీద సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాతో వచ్చిన పేపర్ వేసి, జూన్ 4 కల్లా వెనక్కి తీసింది, రెండు వారాలు కూడా కాలేదు, ఎందుకంటే ప్రపంచం మొత్తం దాని మీదే కళ్ళు పెట్టుకుని ఉంది, డేటా చూపించండని అందరూ అడిగారు, చూపించలేకపోయారు. మా ఊరి నీళ్ళ టేబుల్ మీద ఎవరి కళ్ళున్నాయి? మా వదిన కన్నూ, ఆ పిలగాడి కన్నూ తప్ప.

మళ్ళీ ఆ నలుగురి సంగతికి వస్తా. వాళ్ళ మీద నాకు కోపం ఉంది, పేర్లు మాత్రం రాయను, ఎందుకంటే మొత్తం కథ నాకు తెలుసు, మీకూ తెలుసు. కాలేజీల నాణ్యత చూసే నాక్ టీం వస్తోంది, డిపార్ట్‌మెంట్‌కి ఎన్ని పేపర్లు అని ప్రిన్సిపాల్ అడుగుతాడు. ప్రమోషన్‌కి రీసెర్చ్ స్కోరు కావాలి. ప్రైవేటు కాలేజీలో అయితే ఇంక్రిమెంట్ దాని మీదే. వారానికి పద్దెనిమిది ఇరవై క్లాసులు చెప్పి, పేపర్లు దిద్ది, అడ్మిషన్ల సీజన్లో ఊళ్ళు తిరిగి, ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ పాడైతే కొనడానికి డబ్బుల్లేని చోట ఏడాదికి రెండు పేపర్లు అంటే ఎక్కడి నుంచి వస్తాయి. అప్పుడు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, స్కోపస్ (పేరున్న జర్నల్స్ జాబితా) జర్నల్, పేపర్ రెడీగా ఉంది, ఫస్ట్ ఆథర్ కావాలంటే ఇంత, మూడో పేరు అయితే ఇంత అని. నాకూ వచ్చాయి, చాలాసార్లు. ఒక నెల జీతం పెట్టి పేరు కొనుక్కున్న వాళ్ళు నాకు తెలుసు, చెడ్డ మనుషులేం కాదు, పిల్లలకి బాగా పాఠం చెప్పే వాళ్ళే.

దీన్ని ఆపాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) కూడా ఏవో చేస్తూనే వచ్చింది. 2018 మేలో తన లిస్టులోంచి ఒక్క దెబ్బతో 4,305 జర్నల్స్ తీసేసింది, అంటే అంతకుముందు దాకా అవి లిస్టులో ఉండి వాటితో ప్రమోషన్లు కూడా అయిపోయాయన్నమాట. తర్వాత మంచి జర్నల్స్ ఇవీ అని కేర్ లిస్టు పెట్టారు, 2025 ఫిబ్రవరిలో అదీ ఆపేసి, ఏ జర్నల్ మంచిదో యూనివర్సిటీలూ కాలేజీలే చూసుకోండి అన్నారు. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు పేపర్ పడి తీరాలన్న రూల్‌ని 2022 రెగ్యులేషన్లలో తీసేశారు, ఇది మాత్రం మంచి పని అని నేను గట్టిగా అనుకుంటా. రిజిస్ట్రేషన్‌కి ముందు స్కాలర్లకి రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అని రెండు క్రెడిట్ల కోర్సు కూడా పెట్టారు, ముప్పై గంటలది, అది నిజంగా ముప్పై గంటలు చెప్తే చాలా మేలు.

మనం ఒప్పుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలనే తప్పులు పెట్టిన ఒక దొంగ పేపర్ తయారుచేసి 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోగల) జర్నల్స్‌కి పంపితే 157 జర్నల్స్ ఒప్పేసుకున్నాయి, తిప్పి పంపినవి 98. అతను పంపిన జర్నల్స్‌లో మూడో వంతు దాకా మన దేశంలో ఉన్నవే. హైదరాబాద్‌లో ఉన్న ఒక పబ్లిషింగ్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసి, 2019లో 5 కోట్ల డాలర్లకి పైగా కట్టాలని కోర్టు తీర్పు తెచ్చుకుంది, రివ్యూ చెయ్యకుండానే చేశామని రచయితల్ని మోసపుచ్చారని. పెద్ద దేశాల పబ్లిషర్లు కూడా కడిగిన ముత్యాలేం కాదు, వైలీ కొన్న హిందావీ జర్నల్స్ నుంచి 2023 ఒక్క ఏడాదే 8,000 పైన పేపర్లు వెనక్కి తీశారు, ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద వెనక్కి పోయినవి 10,000 దాటాయి. అయినా మన ఇల్లు మనం ఊడ్చుకోవాలి కదా.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి, చాలా ఏళ్ళుగా మనసులో ఉంది.

ముందు నేను పనిచేసిన ఒక చోట, ఎమ్మెస్సీ చదివే ఒకమ్మాయి నా దగ్గర ప్రాజెక్టు చేసింది. ఎండల్లో పొద్దున్నే ఆరింటి బస్సెక్కి చీమకుర్తి మీదుగా పొదిలి పోయి, అక్కడి నుంచి ఆటోల్లో ఊళ్ళు తిరిగి, ఒక్కో బోరు కొట్టి ఐదు నిమిషాలు నీళ్ళు పోనిచ్చి, సీసా మూడుసార్లు తొలిపి పట్టుకొచ్చేది. ఫ్లోరైడ్ కొలిచే ముందు శాంపిల్‌లో పోసే టిసాబ్ ద్రావణం తనే కలుపుకునేది, ప్రతి పది శాంపిల్స్‌కి ఒకసారి ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ మళ్ళీ పెట్టి చూసుకునేది, నేను చెప్పకుండానే. ఆ పనంతా పేపర్‌గా రాసినప్పుడు హెడ్ గారి పేరు మొదట పెట్టారు, ఇంకో ఇద్దరి పేర్లు వచ్చాయి, నా పేరు ఉంది, ఆ అమ్మాయి పేరు లేదు. స్టూడెంట్ కదా, సర్టిఫికెట్ ఇస్తున్నాంగా అన్నారు. నేను ఒక్కసారి అడిగా, రెండోసారి అడగలేదు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు, అది కారణమే గానీ నాకు నేను చెప్పుకోడానికి సరిపోయే కారణం కాదు. పేపర్ వచ్చాక ఆ అమ్మాయి చూసి ఏమీ అనలేదు, "బాగుంది మేడం" అంది అంతే.

ఆథర్ అంటే ఎవరు అన్న దానికి మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది, చాలా జర్నల్స్ వాటినే చూస్తాయి. పని ఆలోచనలోనో, డేటా తేవడంలోనో, దాన్ని విడమర్చడంలోనో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో పాలుండాలి, చివరి కాపీ చూసి ఒప్పుకోవాలి, రేపు ఎవరన్నా ప్రశ్నిస్తే జవాబు చెప్పడానికి నిలబడాలి. నాలుగూ ఉండాలి. డేటా తెచ్చిన మనిషిని రాసే దగ్గరికి రానివ్వకుండా, ఆ తర్వాత రాయలేదు కాబట్టి ఆథర్ కాదు అనకూడదని కూడా వాళ్ళు స్పష్టంగా చెప్పారు. మేం ఆ అమ్మాయికి చేసింది సరిగ్గా అదే. హెడ్ గారు ఒక్క షరతుకీ సరిపోరు, డిపార్ట్‌మెంట్ నడపడం, కెమికల్స్ కొనివ్వడం వీటికి కృతజ్ఞతలు చెప్పాలి, పేరు పెట్టకూడదు.

పేరు విషయంలో అన్యాయం అంటే మన తెలుగువాళ్ళకి బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గుర్తు రాకుండా ఉండడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో ఫిస్కే, సుబ్బారావు పేర్లతో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది, ఇప్పటికీ ఆ పద్ధతి ఆ ఇద్దరి పేర్లతోనే చెప్తాం, ఆ మాట క్లాసులో అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆయన చేసిన మిగతా పని కొంత బయటికే రాలేదు. 1988లో నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాత చెప్పాడు, సుబ్బారావు విడదీసిన కొన్ని న్యూక్లియోటైడ్స్‌ని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చిందని, ఆయన పైన ఉన్న ఫిస్కే వాటిని వెలుగులోకి రానివ్వకపోవడం వల్ల. ఒక మనిషి పేరు తొక్కేస్తే ఆ మనిషికే కాదు నష్టం, ఆ పని మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాల్సిన వాళ్ళందరికీ.

కాపీ గురించి ఎక్కువ రాయను, దాని మీద అందరూ రాస్తున్నారు. ఒక్కటి మాత్రం. యూజీసీ 2018 రెగ్యులేషన్లలో పది శాతం దాకా కాపీ ఉంటే శిక్ష లేదు, పది నుంచి నలభై, నలభై నుంచి అరవై, ఆపైన అని మెట్లు పెట్టారు, దాంతో మా స్కాలర్లకి పదిలోపు తేవడమే పని అయిపోయింది. సాఫ్ట్‌వేర్‌కి అక్షరాలు పోల్చడం తెలుసుగానీ అంకెలు ఎవరివో తెలీదు, మా ఊరి పేపర్ పెట్టినా పదిలోపే చూపిస్తుంది. ఇంకొందరు మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి తీస్తున్నారు. 2021లో కబనాక్, లాబే, మగజినోవ్ అని ముగ్గురు ఇట్లాంటివి పట్టుకుని బయటపెట్టారు, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని ఉండాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అనీ, బ్రెస్ట్ క్యాన్సర్ అని ఉండాల్సిన చోట బూజమ్ పెరిల్ అనీ వచ్చాయి, అంటే మన భాషలో రొమ్ము క్యాన్సర్‌ని ఎదురొమ్ము గండం అన్నట్టు. అవి ఎడిటర్ని, రివ్యూయర్లని దాటుకుని అచ్చయ్యాయి. ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక ఆ పిచ్చి మాటలు కూడా ఉండవు, సాఫీగా ఉంటుంది, పట్టుకోవడం ఇంకా కష్టం. అట్లాంటి టూల్‌ని ఆథర్‌గా పెట్టకూడదని కోప్ 2023లోనే చెప్పింది, వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి, మాటకి పూచీ మాత్రం మనిషిదే. నాకు ఆ పూచీ అనే మాట నచ్చుతుంది, మా ఊళ్ళో అప్పు పత్రం మీద పూచీ సంతకం పెట్టిన వాడు అప్పు తీసుకున్న వాడు పారిపోతే కట్టాల్సిందే.

సరే, నీళ్ళ సంగతికి వస్తా. ఆ నెలలోనే ఒక ఆదివారం నేనే పోయా. మా అన్న కొడుకు, వాడి ఇద్దరు స్నేహితులు తోడొచ్చారు. వీధి పంపులు, బోర్లు, ఒక పాత బావి కలిపి ఊర్లో ఉన్నవన్నీ ప్లాస్టిక్ సీసాల్లో పట్టాం, వాడు సీసాల మీద నంబర్లు వేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, ఏ బోరు ఎంత లోతో ఆ ఇంటివాళ్ళని అడిగి మరీ. ఒంగోలు తీసుకొచ్చి ఎలక్ట్రోడ్‌తో చూశా, ఒక్కో దాన్ని మూడుసార్లు. ఒక్కటి తప్ప అన్నీ 1.5 దాటాయి, కొన్ని దానికి రెండింతలకి పైన. ఆ ఒక్కటి ఊరి చెరువు పక్కన ఉన్న బావి. క్యాన్ ఆపితే మా పెద్దమ్మ, అంటే వాడి నాయనమ్మ, తాగాల్సి వచ్చే పంపు ఎక్కువ వచ్చిన వాటిలో ఉంది. వాడికి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ పేపర్ తీసేస్తారా అత్తా" అన్నాడు. రాశాను నాన్నా, ఇంకా జవాబు లేదు, అని చెప్పా.

ఆ నలుగురు పనిచేసే సంస్థకి కూడా ఉత్తరం పెట్టా, రిజిస్టర్డ్ పోస్టులో, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది. మూలం పేపర్ రాసిన వాళ్ళకి మెయిల్ పెడితే వాళ్ళు మర్నాడే జవాబిచ్చారు, మేం కూడా కంప్లైంట్ చేస్తాం అని.

ఈలోపు మా అంకెలు రాయడం మొదలుపెట్టా. చిన్న పనే, ఒక ఊరు, కొన్ని సీసాలు, వర్షాకాలం అయ్యాక ఒకసారి, వేసవిలో ఇంకోసారి పట్టాలి, అప్పుడుగానీ పంపను. ఫీజు అడగని ఒక జర్నల్ చూసుకున్నా, ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఇద్దరికి రాసి మీరు నిజంగా బోర్డులో ఉన్నారా అని అడిగా, ఉన్నామన్నారు. రా డేటా మొత్తం పేపర్‌తోపాటే పెడతా, ఎవరన్నా కూడుకుని చూసుకోవచ్చు. పాత స్టూడెంట్ ఆ అమ్మాయి ఇప్పుడు కందుకూరు దగ్గర హైస్కూల్లో టీచర్, ఫోన్ నంబర్ సంపాదించి మాట్లాడా. నీ పాత రికార్డ్ బుక్ ఉందా, అందులో మా పక్క ఊరి రీడింగులు ఉన్నాయి, అప్పటికీ ఇప్పటికీ పోల్చి రాద్దాం, నువ్వూ రాయాలి, పేరు ముందు నీదే అన్నా. రికార్డ్ బుక్ ఉంది మేడం, పెళ్ళప్పుడు కూడా తెచ్చుకున్నా, అంది.

మా అన్న కొడుక్కి ఎక్‌నాలెడ్జ్‌మెంట్స్‌లో పేరు వేస్తున్నా, దానికి వాడి ఒప్పుకోలు కావాలి, అందుకని ఇంటిపేరు స్పెల్లింగ్ ఎట్లా రాయాలని అడిగా. వాడు చెప్పి, "నాయనమ్మ పంపు కూడా పేరుతో వస్తుందా అత్తా" అన్నాడు. రాదు, పంపులకి, బోర్లకి నంబర్లే ఉంటాయి, ఎవరింటి నీళ్ళు ఏంటో పేపర్‌లో బయటపడకూడదు, రేపు ఆ ఇంటి పిల్లకి సంబంధం చూసేటప్పుడు ఎవరో టేబుల్ తీస్తారు అని చెప్పా. "అయితే మనది ఏడో నంబరు, మన నోట్‌బుక్‌లో ఉందిలే" అన్నాడు. క్యాన్ ఇప్పుడు రోజూ వాడే తెస్తున్నాడంట.